మంగళం కాకుండా లేవని ఊరు

నాయన నాకు ఫిడేలు నేర్పాడు, పెళ్లి చేయడం మరిచిపోయాడు. ఈ మాట నేను నవ్వుతూ చెప్పేదాన్ని. విన్నవాళ్లు మాత్రం నవ్వేవారు కాదు, అందుకని కొన్నాళ్లకు చెప్పడం మానేశాను. ఆయన పోయాక అనంతపురంలో మా అన్న ఇంట్లో ఉన్నాను. ఒకరోజు చూస్తే నా ఫిడేలు పెట్టె మీద వదిన మడత దుప్పట్లు పేర్చి పెట్టింది. ఆవిడ తప్పేం లేదు, ఇల్లు చిన్నది. కానీ ఆ దుప్పట్లు దించి ఫిడేలు తీసుకోవాలంటే ప్రతిసారీ అడగాలి. సంగీతం నేర్పే మనిషి కోసం హిందూపురంలో ఒక సంఘం వాళ్లు వెతుకుతున్నారని తెలిసిన వారానికే పాసింజరు బండెక్కేశాను. యాభైల నాటి మాట ఇది.

సంఘం అంటే పేరు పెద్దదే గానీ దానికి సొంత గోడ ఒక్కటీ లేదు. ఒక ప్లీడరుగారు అధ్యక్షుడు. ఆయనకు పాడటం రాదు, వినడం మాత్రం ప్రాణం. బెల్లం మండీ యజమాని ఒకాయన ఆదివారం మండీ మూసి ఉంటుంది కదా అని కచేరీలకు ఇచ్చేవాడు. చందా కట్టలేని రైతులు శనక్కాయలో చింతపండో తెచ్చి పడేసేవారు. వాటితోనే పాటగాళ్ల రైలు ఖర్చులు, నా జీతం. ఇందులో ఎవరికీ లాభం లేదు, ఎవరూ ఆశించనూ లేదు. నెలకొక కచేరీ పెట్టాలి, హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో పిల్లలకు సంగీతం చెప్పించాలి, అంతే వాళ్ల పట్టుదల. మూడు ఊళ్లకూ చెప్పించేది నాచేతనే.

మండీలో కచేరీ అంటే మీకు చెప్పాలి. బెల్లం దిమ్మెలన్నీ ఒక మూలకు జరిపి, మీద గోనెపట్టాలు కప్పి, మిగిలిన చోట జంపఖానాలు పరిచేవారు. నేల ఎంత కడిగినా అరికాళ్లకు జిగురు అంటేది. చీమలు నా ఫిడేలు పెట్టెలో కాపురం పెట్టాయి. పెనుకొండలో పాఠం చెప్పడానికి పెట్టె తెరిస్తే ముందు చీమలు దిగేవి, తర్వాత ఫిడేలు దిగేది.

పెనుకొండలో పాఠాలు బడి వసారాలో. కొండ మీంచి గాలి కొట్టిందంటే పిల్లల గొంతులు ఎటో పోయేవి. ధర్మవరంలో ఒక పట్టుచీరల మగ్గం ఇంటి ముందరి గది ఇచ్చారు. లోపల మగ్గం ఆడుతూనే ఉండేది. అక్కడి ఆడపిల్లలకు తాళం నేను నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చింది. ఒక ఊళ్లో చెప్పి, సాయంత్రం బండికి ఇంకో ఊరు, మళ్లీ హిందూపురం. తలనిండా బొగ్గు నుసి. బండిలో పక్కన కూర్చున్న ఆడవాళ్లు అడగడం, నేను చెప్పడం ఎప్పుడూ ఒకటే వరస.

"ఏమ్మా, యాడికి పోతాండావు?"

"ధర్మవరం."

"ఒక్కదానివేనా? మీ ఆయన యాడుండాడు?"

"లేడు."

"అయ్యో, పోయినాడా?"

"ఇంకా రాలేదు."

అక్కడితో వాళ్లు కిటికీలోంచి బయటికి చూసేవారు. నేనూ చూసేదాన్ని. చెరో కిటికీ.

ఈ కథంతా నేను కూర్చున్న చోటు గురించి. కచేరీ రోజు నేనూ వేదిక మీదే ఉండేదాన్ని, కాదనను. కానీ పాటగాడి వెనక, తంబూరా పట్టుకుని. ఆ రోజుల్లో పేరున్న మగవాళ్లు ఆడదాని ఫిడేలు పక్కన పెట్టుకుని పాడేవారు కాదు. అది రాసిన నియమం కాదు, ఎవరూ గట్టిగా అనేవారూ కాదు. వచ్చిన విద్వాంసుడు ప్లీడరుగారిని పక్కకు పిలిచి రెండు మాటలు మాట్లాడేవాడు. ప్లీడరుగారు తల దించుకుని నా దగ్గరకు వచ్చి, "అమ్మా, ఈసారికి తంబూరా" అనేవారు. ఆ ఈసారి ఎన్నేళ్లు నడిచిందో! మా ఊరి మృదంగ విద్వాంసుడు మాత్రం దాపరికం లేని మనిషి. "ఏమీ అనుకోవద్దమ్మా, ఆడమనిషి ఫిడేలుకు నేను వాయించను, మా గురువుకు మాటిచ్చినా" అని మొహం మీదే చెప్పాడు. మిగిలినవాళ్లకంటే ఆయనే నయం అనిపించేది.

తంబూరా మీటేవాళ్లకు కచేరీలో జనం మొహాలు చూడటం తప్ప పని లేదు. నేను చూసేదాన్ని. పిల్లలకు నేర్పే ఫిడేలు నాది, రాత్రి గదిలో వాయించుకునే ఫిడేలూ నాదే. జనం ముందు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వాయించి, ఆ మొహాలు నా వైపు తిరగడం చూడాలని ఉండేది. ఇంకేమీ అడగలేదు నేను ఎవరినీ.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. మండీలో కచేరీలు మొదలైన కొత్తలో జనం సగంలో లేచిపోయేవారట, బస్సనీ, ఎద్దులకు మేతనీ. ఒకసారి అలా లేచిపోయిన ఇద్దరు ముగ్గురికి ఏదో కీడు జరిగిందట. దాంతో ప్లీడరుగారు, "మంగళం పాడకముందు లేవడం ఇంటికి అరిష్టం" అని ఒక మాట వదిలారు. ఆయన వదిలింది ఊరు పట్టుకుంది. ఇక మండీలో వాన కురిసినా, పసిబిడ్డ ఏడ్చినా, చివర మంగళం పాడేదాకా ఒక్కరు కదిలేవారు కాదు. పాడుతుండగానే పై గుడ్డలు దులుపుకుని, అయిపోగానే అందరూ ఒక్కసారి లేచేవారు.

నేను అద్దెకున్న గది ఒక అవ్వది. సగం కన్నడం, సగం తెలుగు, నోట్లో ఎప్పుడూ ఆకువక్క. పిల్లలు లేరు, ముసలాయన ఎప్పుడో పోయాడు. ప్రతి కచేరీకీ వచ్చి ఒక స్తంభానికి ఆనుకుని కూర్చునేది. "సంగీతం తెలుసా అవ్వా?" అని మొదట్లో అడిగాను. "నాకేం తెలుసు? ఇంట్లో ఒక్కదాన్నే కూసోని గోడలు జూసేదానికంటే ఆడ నలుగురుంటారు కదా" అంది. నేను గదిలో వాయించుకుంటుంటే ఏనాడూ లోపలికి వచ్చి కూర్చోలేదు. గడప అవతల బియ్యం ఏరుకునేది.

మా పాసింజరు బండికి ఒక గార్డు వచ్చేవాడు. ఆంగ్లో ఇండియన్. వయసులో నాకంటే చాలా పెద్ద, ఎండకు కమిలిన తెల్లటి మనిషి. భార్య పోయింది, కూతురు పెళ్లి చేసుకుని లండన్ వెళ్లిపోయింది. గుంతకల్లు తెలుగు, బెంగుళూరు కన్నడం, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. పెనుకొండ ప్లాట్‌ఫారం మీద ఒకరోజు నా పెట్టె చూసి ఆగాడు. బండిలో అందరూ నా మొగుడి గురించి అడిగేవారు కదా, ఆయన పెట్టె గురించి అడిగాడు.

"టీచరమ్మా, ఫిడేలు బాగుందా?"

ఆయన దగ్గర శాక్సఫోన్ ఉంది. రైల్వే క్లబ్బుల్లో, బెంగుళూరు దండులో, అదే కంటోన్మెంటులో, డాన్సులకు వాయించేవాడు. దాన్ని జాజ్ అంటారని చెప్పాడు. బండి నీళ్లు పట్టుకునేంతసేపు, ఎదురుబండి కోసం ఆగినంతసేపు ఆ జాజ్ గురించి చెప్పేవాడు. ముందు అందరూ కలిసి ఒక పాట వాయిస్తారట. తర్వాత ఒక్కొక్కరూ వంతుల వారీగా ఆ పాటను తమ ఇష్టమొచ్చిన దారిన తిప్పుకుని మళ్లీ ఇంటికి తెస్తారట. "మా దాంట్లో దాన్ని మనోధర్మం అంటాం" అన్నాను. ఆ మాట రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

"కానీ టీచరమ్మా, క్లబ్బులో ఎవురూ వినరు. డాన్సు చేస్తారు, తాగుతారు, పోతారు. నేను వాయిస్తే ఉత్తగా కూసోని వినే మనుషుల్ని ఒక్కసారి చూడాల."

ఆయన కోరికా నా కోరికా అన్నదమ్ముల బిడ్డల్లాంటివి. నేను ప్లీడరుగారికి చెప్పాను. సంగీతంలో ఆయనకు అంటుసొంటు లేదు. "శ్రుతి, లయ ఉన్నాయి కదా? రమ్మను" అన్నారు. గార్డు మాత్రం ఒక్కటే అడిగాడు, పక్కన టీచరమ్మ ఫిడేలు ఉండాలని. ఇక్కడ ఆయనకు తెలిసిన వాద్యం అదొక్కటే. మన పద్ధతులు ఆయనకు తెలియవు, తెలిసినవాళ్లెవరూ చెప్పనూ లేదు. అతిథి అడిగినది కాదనడం ప్లీడరుగారి చేత కాలేదు. మృదంగ విద్వాంసుడు బాగా ఆలోచించి ఒక మార్గం కనిపెట్టాడు. "నేను దొరకు వాయిస్తా. ఆమె వాయించేటప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుంటా. అప్పుడు మాట తప్పినట్టు గాదు."

ఆ ఆదివారం కచేరీ మధ్యాహ్నమే పెట్టారు, గార్డు సాయంత్రం బెంగుళూరు బండికి హిందూపురంలోనే డ్యూటీ ఎక్కాలి కనుక. కింద కూర్చుని ఆ వాద్యం వాయించడం కుదరదని బెల్లం తూచే కాటా దగ్గరి స్టూలు తెచ్చి వేశారు. శాక్సఫోన్‌కు శ్రుతి మార్చడం ఉండదు. నేనే నా తంతుల్ని దానికి సరిపెట్టుకున్నాను. తంబూరా గోడకు ఆనించి ఉంది. మొదటిసారి దాన్ని ముందునుంచి చూశాను.

ఆయన మొదలుపెట్టగానే జనం అలవాటుగా తొడల మీద తాళం అందుకున్నారు. కాసేపటికి ఆయన బూటు నేలకేసి తాళం కొట్టడం మొదలుపెట్టింది. కాలితో తాళమా! ముందు వరసలో ఒకాయన నాలుక కరుచుకున్నాడు. కానీ వాద్యం గొంతు బాగుంది. బరువుగా, కాస్త బొంగురుగా, ఆరుబయట కూర్చుని ఎవరో పెద్దాయన తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. స్వరాలు మన శంకరాభరణానికి దగ్గరగా నడిచేవి. మధ్యలో రాగానికి చెందని స్వరమొకటి వంకరగా తగిలి పోయేది. ఆ వంకర దగ్గర నా వేళ్లు తంతుల మీద దాన్ని వెతుక్కునేవి.

ఆయన నా వైపు తల ఆడించాడు. నా వంతు. నాకు నేర్పిన విద్య ఏమిటి? పాటగాడు ఏం పాడితే దాన్ని పట్టుకుని వెనకే నడవడం. ఆయన వాయించిన ముక్కనే తిరిగి వాయించాను. తల అడ్డంగా ఊపాడు. ఇంకో ముక్క వాయించాడు, దాన్నీ అలాగే పట్టుకున్నాను. వాద్యం నోటినుంచి తీసి నా వైపు వంగాడు.

"నా వెనక రావద్దు టీచరమ్మా. నీ రోడ్డున నువ్వు పో."

నా రోడ్డు! బండిలో తప్ప ఎక్కడా ఒక్కదాన్నే పోయిన మనిషిని కాదు ఫిడేలుతో. మృదంగం ఆగిపోయింది, విద్వాంసుడి చేతులు ఒళ్లోకి పోయాయి. గార్డు బూటు చప్పుడు ఒక్కటే మిగిలింది. దాని మీద కమాను వేశాను. మొదట గీసుకుంది. తర్వాత ఏదో తలుపు తెరుచుకుంది. రాత్రిళ్లు గదిలో నా కోసం మాత్రమే వాయించుకున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి. ఆ వంకర స్వరాన్ని కూడా నా పద్ధతిలో తాకి వచ్చాను. గార్డు ఇంగ్లీషులో ఏదో గట్టిగా అరిచాడు. తిట్టు కాదని మొహం చూస్తే తెలిసింది. జనం మొహాలన్నీ నా వైపే ఉన్నాయి. నాకు కన్నీళ్లొచ్చాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

పాట ముగించి ఆయన లేచి వంగి నమస్కారం పెట్టాడు. చప్పట్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. ఆయన సంబరపడిపోయి కూర్చుని ఇంకొకటి అందుకున్నాడు. మళ్లీ నా వంతు, మళ్లీ ఆయన వంతు. మళ్లీ నమస్కారం. మళ్లీ ఎవరూ కదల్లేదు. "చూడు, ఇంకా వినాలంటారు" అన్నాడు నాతో, చిన్నపిల్లాడి మొహంతో. నేనూ అదే అనుకున్నాను. ఊరంతా కూర్చుని ఉంది, కట్టేసినట్టు. నా ఫిడేలు విని.

ఎండ వాలింది. స్టేషను నుంచి ఒక పోర్టరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "గార్డు దొరా, బండొచ్చి నిలబడుకోనుండాది, డ్రైవరు మీ కోసం కూతేస్తాండాడు!" నిజంగానే కూత వినబడుతోంది. గార్డు జనాన్ని చూశాడు. ఇంతమంది కూర్చుని ఉంటే లేచిపోవడం మర్యాద కాదన్నట్టు మళ్లీ వాద్యం నోటికి పెట్టుకున్నాడు. అప్పుడు ప్లీడరుగారు వేదిక అంచుకు వచ్చి నా చెవి దగ్గర అన్నారు.

"మంగళం, అమ్మా. బిన్నా, తొందరగా మంగళం వాయించు."

వాయించాను. రెండో చరణానికే పై గుడ్డలు దులుపుకోవడం మొదలైంది, అయిపోగానే అందరూ ఒక్కసారిగా లేచారు. గార్డు అదేదో జాతీయగీతం అనుకున్నాడో ఏమో, శాక్సఫోన్ ఛాతీకి ఆనించుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. తర్వాత నా చేయి పట్టుకుని ఊపి, పోర్టరు వెనక పరుగు తీశాడు.

ఇంటికి నడుస్తుంటే నా కాళ్లు నేల మీద లేవు. అవ్వ పక్కన కుంటుతూ వస్తోంది. ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఎట్లుండె అవ్వా? ఒక్కరన్నా లేచినారా చూడు."

"యాడ లేసేదమ్మా? మంగళం కాకనే లేస్తే ఇంటికి కీడు కదా. ఆ దొర ముగించడు, నువ్వన్నా ముగించవు. ఆ మండీ ఆయన ఎన్నిసార్లు వాకిలి పక్క జూసినాడో! నా కాళ్లు తిమ్మిరెక్కిపాయ."

ఇది నాకు తెలియని సంగతా? ఎన్నేళ్లుగా వెనక కూర్చుని చూస్తున్నాను! జనం మొహాలు చదవడం తప్ప పని లేని మనిషిని, నా వంతు వచ్చేసరికి ఆ మొహాల్లో నాకు కావలసింది చదువుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఒక్కదాన్నే ఉండటం నాకు అలవాటే, కానీ అంతమంది మధ్యలో కూడా ఒక్కదాన్నే ఉన్నానని తెలియడం కొత్త.

తర్వాత పెనుకొండ ప్లాట్‌ఫారం మీద గార్డు కనిపించాడు. పచ్చజెండా చంకలో పెట్టుకుని రెండు చేతులూ ఊపాడు.

"టీచరమ్మా, నలభై ఏండ్లాయ నేను ఇది పట్టుకోని. హిందూపురం మాదిరి జనాన్ని యాడా చూడలేదు. బండి కూతేస్తాండినా ఒక్కడు లేసినాడా?"

"లేవలేదు" అన్నాను. అబద్ధం కాదు కదా.

"నీకోసరం కూడా లేవలేదు" అన్నాడు. తర్వాత ఎప్పుడు కనిపించినా ఆ మాటే. కొన్నాళ్లకు ఆయనకు బదిలీ అయింది. చివరి పెట్టెలోంచి వేరే మొహం జెండా ఊపడం మొదలుపెట్టింది. ఆయన ఎక్కడున్నా ఆ ఆదివారాన్ని వెంట పెట్టుకుని ఉంటాడు, నేను చెప్పలేదు కాబట్టి అది చెక్కుచెదరకుండా ఉంటుంది. నా దగ్గరున్నది మాత్రం పగిలిన ముక్క. ఆ ఆదివారం తర్వాతి నెల కచేరీకే మళ్లీ తంబూరా పట్టుకున్నాను.

అలా అరవైలు వచ్చాయి. వానలు తప్పాయి, శనక్కాయలు తెచ్చేవాళ్లు తగ్గారు. పెళ్లిళ్లలో మైకు సినిమా పాటలు పాడుతోంది. పెనుకొండ పాఠాలు ముందు ఆగిపోయాయి, ధర్మవరం తర్వాత. మృదంగ విద్వాంసుడు కాలం చేశాడు, మాట తప్పకుండానే. మండీ ఆదివారం కూడా తెరవాల్సి వస్తోందని యజమాని మొహమాటపడుతూ చెప్పాడు. ఇక చివరి కచేరీ. మద్రాసు నుంచి రావలసిన పాటగాడు రాలేదు. ముసలివారైపోయిన ప్లీడరుగారు నా దగ్గరకు వచ్చి, ఎప్పటిలాగే తల దించుకున్నారు. తంబూరా అంటారనుకుని దాని వైపు చేయి చాచాను.

"కాదమ్మా. ఈపొద్దు నువ్వే" అన్నారు.

జనం పలచగా ఉన్నారు. పక్కన మృదంగం లేదు, వెనక తంబూరా మీటేవాళ్లు లేరు, అది నేనే కదా! ఒక్కదాన్నే కూర్చుని వాయించాను. భయపడలేదు, తొందరపడలేదు. నేను వదిలేదాకా వీళ్లు ఎక్కడికీ పోలేరు, ఆ హక్కు ఈ తంబూరా ఏళ్లన్నీ కలిసి నాకు సంపాదించి పెట్టాయి అనుకున్నాను. అందులో కొంచెం కోపం ఉంది. గార్డు వాయించిన పాట కూడా వాయించాను, పాదంతో తాళం వేసుకుంటూ. మొహాల వైపు మాత్రం చూడలేదు. ఒకసారి చూసి మోసపోయాను, చాలు.

వాళ్లను ఆపి ఉంచడం ఇక బాగుండదనిపించాక మంగళం వాయించాను. గుడ్డలు దులుపుకున్నారు, లేచారు. ఒకరిద్దరు దగ్గరకు వచ్చి బాగుందన్నారు. ప్లీడరుగారు కళ్లజోడు తుడుచుకుంటూ బయటికి నడిచారు. జంపఖానాలు చుట్టడానికి మండీ కూలీలు వచ్చారు. నేను కమాను వదులు చేసి, పెట్టెలో చీమలు దులుపుతున్నాను.

స్తంభం దగ్గర అవ్వ ఇంకా కూర్చునే ఉంది. కూలీలు ఆవిడ కూర్చున్న జంపఖానా వదిలేసి మిగిలినవి చుట్టుకుంటున్నారు. కాళ్లు పట్టేసి లేవలేకపోతోందేమోనని వెళ్లి చేయి అందించాను.

"మంగళం అయిపాయ కదవ్వా. లెయ్యి, ఇంటికి పోదాం."

అవ్వ నా చేయి పట్టుకోలేదు. ఆకువక్క దవడకు పెట్టుకుని, కాళ్లు ముందుకు చాపుకుంది.

"అయిపోతే కానీలే. ఆ కాలితో కొడ్తివే, అది మళ్ల వాయించు. నేను కూసోనుంటా."